పసుపెక్కింది పాత ఆకా, కొత్త ఆకా?

బషీర్‌బాగ్ అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర, ఆఫీసు వరండాల్లో కుండీల్లో కనిపించే అరెకా పామ్‌లలో కడియం నర్సరీల నుంచి లారీలెక్కి వచ్చినవి తక్కువేమీ కాదు. గోదావరి తేమలో, కాలువ నీళ్లతో పెరిగిన మొక్క ఇక్కడి పొడి ఎండలో, ఉప్పు తేలే బోరు నీళ్లలో పడుతుంది. ఆకు పసుపెక్కుతుంది, కొసలు మాడతాయి. ఇంటివాళ్లు కంగారుపడి గుప్పెడు యూరియా చల్లి, రెండు పూటలా నీళ్లు పోస్తారు. దాంతో మొక్క ఇంకాస్త తొందరగా పోతుంది.

కోనసీమ కొబ్బరి రైతు అలా చేయడు. ముందు మొవ్వు చూస్తాడు. కొబ్బరి, తాటి, ఈత, అరెకా ఏదైనా సరే, ఒక్కో కాండానికి పెరిగే మొన ఒక్కటే. అది చస్తే ఆ కాండం మళ్లీ చిగురించదు. మొవ్వాకును పట్టి మెల్లగా లాగినప్పుడు ఊడి చేతికొచ్చి, మొదట్లో కంపు కొడితే అది మొవ్వుకుళ్ళు. గోదావరి డెల్టాలో తాటిచెట్లను, కొబ్బరిని ఈ తెగులు దారుణంగా తినేసిన రోజుల్లో ఇ.జె. బట్లర్ అనే శాస్త్రవేత్త దాన్ని పరిశోధించి, కారణమైన సూక్ష్మజీవికి 1907లో పేరు పెట్టాడు. ఇప్పుడు ఫైటాఫ్తొరా పామివోరా అంటున్నది దాన్నే. కోకో కాయల్ని నల్లగా కుళ్ళబెట్టేదీ అదే.

తొలిదశలో పట్టుకుంటే చెట్టు దక్కుతుంది. కుళ్ళిన భాగాన్ని పదునైన కత్తితో పూర్తిగా తీసేసి బోర్డో పేస్టు పూయాలి. అర లీటరు నీళ్లలో 100 గ్రాముల మైలుతుత్తం, మరో అర లీటరులో 100 గ్రాముల సున్నం విడివిడిగా కలిపి, రెండూ ఒకచోట పోస్తే పేస్టు సిద్ధం. లోహపు పాత్ర వాడకూడదు. పూసిన చోట వాన పడకుండా కప్పి ఉంచాలి.

మొవ్వు గట్టిగా ఉంటే సగం భయం తీరినట్టే. ఇక చూడాల్సింది పసుపు ఎక్కడ మొదలైందన్నది. నా దృష్టిలో ఈ విద్యకు ప్రాణం ఇక్కడే ఉంది. అడుగు మట్టల్లో ఆకు అంచులు పసుపెక్కి, ఈనె వెంట మాత్రం ఆకుపచ్చ మిగిలితే మెగ్నీషియం చాలడం లేదు. అదే పాత ఆకుల మీద నారింజ చుక్కలు పడి కొసలు ఎండుతుంటే పొటాష్ లోపం. అప్పుడు ఆ ఆకులు చూడ్డానికి బాగాలేవని కోసేయకూడదు. చెట్టు వాటిలోని పొటాష్‌ను లాక్కొని కొత్త ఆకుకు పంపుకుంటోంది. అవి కోస్తే వాటి పైనున్న ఆకులు పసుపెక్కుతాయి.

కొత్త ఆకే పాలిపోయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనిపిస్తే ఇనుము అందడం లేదని అర్థం. మట్టిలో ఇనుము ఉండొచ్చు. నీళ్లు నిలిచి వేళ్లకు గాలాడకపోయినా, సున్నం ఎక్కువున్న నీళ్లే రోజూ పోసినా వేరు దాన్ని తీసుకోలేదు. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లితే ఆకు తేరుకుంటుంది. కుండీ అడుగు రంధ్రం పూడి ఉంటే మాత్రం ఎన్నిసార్లు చల్లినా ఫలితం ఉండదు. మొక్కను కుండీతో సహా పక్కకు వంచి ఆ రంధ్రాన్ని వేలితో తడిమి చూడండి.

ఆకు అడుగున తెల్లటి వలయాలు, కింది ఆకుల మీద మసి ఉంటే అది సర్పిలాకార తెల్లదోమ. 2016లో మన దేశంలో కనిపించిన ఈ పురుగు మీదికి అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం ఘాటు మందులు కాకుండా ఐసేరియా అనే శిలీంధ్రాన్ని, మిత్రపురుగులను పంపింది. కుండీ మొక్కకైతే ఆకు అడుగు భాగాన్ని నీటిధారతో గట్టిగా కడిగి, వేపనూనె చల్లితే చాలావరకు అదుపులోకి వస్తుంది.

వైద్యం మొదలుపెట్టాక పసుపెక్కిన పాత ఆకు వైపు చూస్తూ కూర్చోవద్దు. పొటాష్ లోపంతో మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు. తర్వాత విచ్చుకునే ఆకులు ఏ రంగులో వస్తున్నాయో చూడాలి. అందుకు నెలలు పడుతుంది.