వంపులోనే ఉంది పనంతా

గురజాల పక్కనే ఉన్న రెంటచింతలలో ఎండాకాలం 45 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. 30 డిగ్రీలంటే ఇక్కడ చల్లటి పూట. ఆ 30కే కాళ్లు పడిపోయే పండుఈగ ఒకటుంది. షిబిరే అనే జన్యువులో లోపమున్న ఈ ఈగ సంగతి 1973లో కెనడా నుంచి డేవిడ్ సుజుకీ బృందం లోకానికి చెప్పింది. చల్లబరిస్తే అది లేచి మళ్లీ నడుస్తుంది!

దాని నాడుల్లో ఆగిపోయేదేమిటో తెలిశాక నాకు ఆ ఈగ మీద గొప్ప మమకారం కలిగింది. నాడి చివర సుమారు 40 నానోమీటర్ల తిత్తులు, అంటే వెసికిళ్లు, రసాయనం నింపుకుని ఉంటాయి. సంకేతం అందగానే పైపొరలో కలిసిపోయి సరుకు వదిలేస్తాయి. కలిసిన పొరను కణం వృథా పోనివ్వదు. లోపలికి తీసుకుని మళ్లీ తిత్తి చేస్తుంది.

సొగసంతా ఆ తీసుకోవడంలో ఉంది. పట్టుమని 5 నానోమీటర్ల మందం లేని కొవ్వుపొర అంత చిన్న గుండ్రానికి తనంతట తాను ఒంగదు. ఎండోఫిలిన్ అనే ప్రోటీన్ అణువులు రెండు జతకూడి నెలవంకలా నిలుస్తాయి. వాటి లోవంపున ధనావేశం, పొర లోపలి ముఖాన రుణావేశం. పొర ఆ వంపును హత్తుకుని తానూ ఒంగుతుంది. రూపమే ఇక్కడ పనిముట్టు. ఇంతకన్నా ఔచిత్యం ఏ శిల్పంలో చూస్తాం? పైన మూడు కాళ్ల క్లాత్రిన్ అనే మరో ప్రోటీన్ షట్కోణాలు, పంచకోణాలు అల్లుతుంది. షట్కోణాలు ఎన్నున్నా, గూడు మూసుకోవాలంటే పంచకోణాలు 12 ఉండి తీరాలి. గణితం చెప్పిన ఆ లెక్కను ప్రోటీన్ తప్పదు. చివరికి డైనమిన్ అనే ఇంకో ప్రోటీన్ తిత్తి మెడకు చుట్టుకుని, బిగించి, తెంపుతుంది.

షిబిరే ఈగలో వేడికి పనిచేయనిది ఈ డైనమినే అని 1991లో తేలింది. వేడెక్కిన ఈగ నాడిని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే, తెగీ తెగని తిత్తులు పొరకు వేలాడుతూ, మెడలకు నల్లటి పట్టీలతో కనిపిస్తాయి. మామూలుగా కంటికి దొరకని క్షణం అక్కడ నిలిచిపోయింది. నా దృష్టిలో జీవశాస్త్రంలో ఇంతటి అద్భుతరసం ఉన్న చిత్రాలు అరుదు.

మన దేశంలోనూ ఈ ఈగలను ప్రేమించినవారున్నారు. ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన కె.ఎస్. కృష్ణన్, మణి రామస్వామి, రెగిస్ కెల్లీలతో కలిసి 1994లో, వెలిగే రంగు సాయంతో ఈ పొర తిరుగు ప్రయాణాన్ని నాడి చివరల్లోనే గమనించారు.

పల్నాడులో ఇంటర్ జువాలజీ చెప్పే మాస్టార్లకు నా మనవి: నాడీకణ సంధి పాఠం వచ్చిన రోజు, మార్కుల సంగతి కాసేపు పక్కనపెట్టి, ఆ నల్లపట్టీల చిత్రాన్ని పిల్లలకు చూపించండి.