గుండ్రంగా కూర్చుంటే సమానమవుతామా?

సంఘంలోనో బడిలోనో తగాదా వస్తే అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి ఒకరి మాట ఒకరు వినేలా చేయాలంటారు. ఈ పద్ధతిని వివరించే చిన్న పుస్తకం ‘ది లిటిల్ బుక్ ఆఫ్ సర్కిల్ ప్రాసెసెస్’. కే ప్రానిస్ రాశారు. 2005లో అమెరికాలో వచ్చింది. మన యువకులు, ఉపాధ్యాయులు చదవదగ్గదే. కానీ మన బతుకుతో తూచి చదవాలి.

ముందు మెచ్చుకోవలసింది రచయిత్రి నిజాయితీని. ఇది తన సొంత పద్ధతి అని ఆమె చెప్పుకోలేదు. కెనడాలోని యూకాన్ ఆదివాసుల దగ్గర నేర్చుకున్నవారి పేర్లు చెప్పారు. అక్కడే 1992లో బారీ స్టూవర్ట్ అనే జడ్జి కోర్టులో కుర్చీలు గుండ్రంగా వేయించి, ముద్దాయిని, పోలీసులను, ఊరివాళ్లను కలిపి కూర్చోబెట్టి శిక్ష గురించి మాట్లాడించాడు. ఆదివాసుల దగ్గర నేర్చుకునేదేముంది అనేవాళ్లకు ఇదే జవాబు.

పద్ధతి తేలికే. ఒక వస్తువు చేతి నుంచి చేతికి తిరుగుతుంది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి, మిగతావాళ్లు వినాలి. ఇష్టం లేకపోతే మాట్లాడకుండా పక్కవాళ్లకు ఇవ్వొచ్చు. నడిపే మనిషి తీర్పు చెప్పడు. అందరూ ఒప్పుకున్నదే నిర్ణయం. మన పంచాయితీల్లో చాలాచోట్ల ఆడవాళ్ల వంతు, కుర్రాళ్ల వంతు రాకముందే పెద్దలు మాట తేల్చేస్తారు. ఇక్కడ మనం దిద్దుకోవలసింది ఉంది.

మా పేచీ ఒక్కటే. ఆశ్రమ పాఠశాలనే తీసుకోండి. హెచ్.ఎం., వార్డెన్, రెగ్యులర్ టీచర్లు, సి.ఆర్.టి.లు, రోజుకూలికి వండే అక్కలు. కూర్చున్నంతసేపు అందరూ సమానమే. లేచాక? సరుకుల లెక్క అడిగిన అక్కకు రేపు పని ఉంటుందా? తన రెన్యువల్ కాగితం ఎవరి చేతి మీదుగా పోతుందో సి.ఆర్.టి.కి తెలుసు. అతను వస్తువును పక్కవాళ్లకు ఇచ్చేస్తాడు. ఆ మౌనాన్ని ఒప్పుదల అని రాసుకుంటే అది వినడం కాదు, నోరు నొక్కడం.

పుస్తకం ఈ సంగతిని పూర్తిగా వదిలేయలేదు. తగిన సందర్భమా కాదా చూడడం, ముందుగా సిద్ధం చేయడం, కూర్చోవడం, తర్వాత ఆరా తీయడం అని నాలుగు దశలు చెప్పింది. మూడోది ఒక్కటే చేసి ఫొటో దిగితే తప్పు పుస్తకానిది కాదు. అయినా పై అధికారి చేతిలో కిందివాళ్ల కూడు ఉన్నచోట ఏం చేయాలో ఇంకా గట్టిగా చెప్పవలసింది.

కొన్ని సంగతులు అసలు ఇలా కూర్చుని తేల్చేవి కావు. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. పనిచోట ఆడవాళ్లను వేధిస్తే, 2013 చట్టం ప్రకారం ఆమె కోరితేనే రాజీ మాట. అప్పుడు కూడా డబ్బు ఇచ్చి రాజీ చేయకూడదు. బడి పరువు కోసం వీటిని గుండ్రంగా కూర్చుని సర్దేస్తే నేరానికి కాపు కాసినట్టే.

మిగతా తగాదాలకు ఈ పద్ధతిని వాడుకుందాం. నడిపే మనిషి రెండు పక్షాలూ ఒప్పుకున్న బయటివారై ఉండాలి. ముందే ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాలి. మాట్లాడినందుకు ఎవరి పనీ పోదని పై అధికారి అందరి ముందూ రాసి సంతకం పెట్టాలి. నెల తర్వాత మళ్లీ కూర్చుని ఆ కాగితం చదవాలి. సంతకానికి వెనకాడే అధికారి వినడానికి సిద్ధంగా లేడని అర్థం.