కాలితే కాలనీ

ఈ వారం కోఠి గుజరాతీ గల్లీలోని ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణంలో ఒక తొమ్మిదో తరగతి పిల్ల మాట విని సంతోషపడ్డాను. "అంకుల్, ఇంకో పికో ఉందా? పాతది కాలిపోయింది. 3.3 వోల్టుల పిన్నుకి 5 వోల్టులు తగిలించేశా." ఆ గొంతులో భయం లేదు. ఎక్కడ తప్పిందో తెలిసిన ధీమా ఉంది.

నా పాత పాట ఈ కాలమ్ చదివేవాళ్లకు కంఠతా వచ్చు: నేర్చుకునేవాళ్ల కంప్యూటర్‌కి ధర తర్వాతి సంగతి, ముందు అది చేతికి లొంగాలి. దానికి నేనెప్పుడూ చూపే సాక్ష్యం ఆకాశ్. 2011 అక్టోబర్ 5న ఢిల్లీలో విడుదలైన ఆ టాబ్లెట్‌ని డేటావిండ్ కంపెనీ కోసం బిగించింది మన హైదరాబాద్‌లోనే. సర్కారు కొన్న ధర 2,276 రూపాయలు. ఏడంగుళాల తెర, 366 మెగాహెర్ట్‌జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్. వేలు గట్టిగా నొక్కితేగానీ తెర పలికేది కాదు. నా బాధ ఆ నెమ్మదితనం గురించి కాదు. పిల్లవాడు దాంట్లో పాఠం చూడగలడు, కానీ ఒక ఎల్ఈడీ వెలిగిద్దామంటే వైరు తగిలించే చోటే లేదు. అయిదు నెలలు తిరక్కముందే, 2012 ఫిబ్రవరి 29న, ఇంగ్లండ్‌లో 35 డాలర్ల రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ వచ్చింది. దానికి తెర లేదు, డబ్బా లేదు. 26 పిన్నులు మాత్రం పైకి లేచి, ఏదైనా తగిలించమని పిలుస్తున్నట్టుండేవి.

కాబట్టి ధరదేముంది అని ఈసారీ రాద్దామనే కూర్చున్నాను. ఆ పిల్ల మాట అడ్డుపడింది.

ఆ పిల్ల అడిగిన పికో, రాస్ప్‌బెర్రీ పై వాళ్లదే ఇంకా చిన్న బోర్డు. 2021లో వచ్చినప్పుడు దాని ధర నాలుగు డాలర్లు. ర్యామ్ 264 కేబీ. బడిలోని ఏ పాత కంప్యూటర్‌కైనా యూఎస్‌బీ తీగతో కలిపి మైక్రోపైథాన్ భాషలో ఒక వరుస రాస్తే అక్కడికక్కడే జవాబిస్తుంది. కాలిపోతే ఇంట్లో రభస జరగదు. మన సర్కారు బళ్లలో కంప్యూటర్ గదికి తాళం ఎందుకుంటుంది? స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కిన వస్తువు పాడైతే సంజాయిషీ చెప్పుకోవాల్సింది హెడ్మాస్టరు గనుక. చవకతనం విలువ నాకిప్పుడు తెలిసింది: అది కొనే స్తోమత కన్నా ముందు చెడగొట్టే ధైర్యాన్నిస్తుంది.

రాయదుర్గంలో 2023లో తెరిచిన టీ-వర్క్స్ లాంటి చోట్ల బోర్డు నమూనాలు తయారుచేసే వసతులున్నాయి. అక్కడే మన పిల్లల కోసం ఒక చిన్న బోర్డు, దాని వెంట తెలుగులో ఒక పుస్తకం తయారుకావాలని నా కోరిక. అంతవరకు విద్యాశాఖకు ఒక్కటే విన్నపం: ఈ బోర్డుల్ని రిజిస్టర్‌లోంచి తీసి, సుద్దముక్కల్లా అరిగిపోయే సరుకు కింద రాయండి. పిల్లకు రెండేసి ఇవ్వండి.