పూచీ ఎవరి కొరకు? చిన్న వ్యాపారుల రుణ హామీ పథకాలపై ఒక విమర్శ

అప్పిచ్చువాడు, అప్పు పుచ్చుకొనువాడు, వారిరువురి నడుమ నిలబడువాడు: ఈ ముగ్గురూ లేకుండా వ్యాపారము సాగిన కాలము లేదు. మూడవవానిని మన పల్లెలలో జామీనుదారు అంటారు. ఇస్లామీయ ధర్మశాస్త్ర గ్రంథాలు కఫీల్ అంటాయి. నేటి ప్రభుత్వ పత్రాలు హామీ ట్రస్టు అంటున్నాయి. మూడు పేర్లున్నా పని ఒక్కటేనని పైపైన చూచువారికి తోచవచ్చును. కాని ఈ మూడవవాడు ఎవరి పక్షాన నిలబడుచున్నాడు అన్న ప్రశ్న వేసినప్పుడే అసలు భేదము బయటపడుతుంది.

2022 వరకు చిత్తూరు జిల్లాలో ఉండిన కలకడను ఉదాహరణగా తీసికొందాము. రాయచోటికి, పీలేరుకు నడుమనున్న ఈ ఊరిలో టమోటా మార్కెట్టు ఉన్నది. మార్కెట్టు చుట్టూ వెల్డింగు అంగళ్లు, పంక్చరు అంగళ్లు, టీ అంగళ్లు, బాడుగ బండ్లు బ్రతుకుతుంటాయి. వీరికి పెట్టుబడి ఎక్కడనుండి వస్తుంది? రైతుకైతే మండీవారు ముందుగా డబ్బిస్తారు. పంట ఆ మండీకే తోలాలి. తక్కినవారికి వడ్డీ వ్యాపారి ఉన్నాడు. బ్యాంకుకు పోతే మొదటి ప్రశ్న, "తాకట్టు ఏముంది?" అన్నదే. అద్దె గదిలో అంగడి పెట్టుకొన్నవాని వద్ద చేతిపని తప్ప వేరే ఆస్తి ఏముంటుంది?

ఈ చిక్కు తీర్చుటకు మన దేశములో జరిగిన ప్రయత్నాలు క్రొత్తవి కావు. చిన్న పరిశ్రమల రుణాలకు హామీ ఇచ్చు పథకము 1960 జూలైలో 22 జిల్లాలలో ప్రారంభమై, 1963లో దేశమంతటికీ విస్తరించినది. 1971లో రుణ హామీ కార్పొరేషన్ ఏర్పడి, 1978లో డిపాజిట్ల బీమా సంస్థలో విలీనమైనది. అయితే కాలక్రమమున బ్యాంకులు ఆ పథకాలనుండి తప్పుకొనగా, 2003 ఏప్రిల్‌లో అవి నిలిచిపోయినవి. ఈలోగా, 2000లో, భారత ప్రభుత్వము, సిడ్బి కలిసి సూక్ష్మ, చిన్న సంస్థల రుణ హామీ ట్రస్టును నెలకొల్పినవి. నిధిలో ప్రభుత్వానిది 4 పాళ్లు, సిడ్బిది 1 పాలు. 2010లో రిజర్వు బ్యాంకు, ఈ తరగతివారికి 10 లక్షల రూపాయల వరకు తాకట్టు అడుగరాదని బ్యాంకులను ఆదేశించినది. హామీ పరిమితి 2023లో 5 కోట్లకు, 2025లో 10 కోట్లకు పెరిగినది.

ఇంత జరిగినది గదా, ఇక లోటేమిటని పాఠకులు అడుగవచ్చును. మొదటి లోటు: పరిమితి పైకి పెరిగినంత వేగముగా పథకము క్రిందికి దిగలేదు. చిల్లర వర్తకము 2018 వరకు ఈ హామీ పరిధిలోనే లేదు. అనగా పదునెనిమిది సంవత్సరాలపాటు కలకడలోని చిల్లర అంగడివానికి ఈ ట్రస్టు ఉన్నా లేనట్లే. పది కోట్ల వరకు అప్పు తీసికొనగలవాడు, అయిదు లక్షల కొరకు తిరుగువాడు ఒకే బ్యాంకు గుమ్మము ఎక్కినప్పుడు మేనేజరు ఎవరికి ముందు కుర్చీ వేస్తాడో చెప్పనక్కరలేదు.

రెండవ లోటు ఇంకా లోతైనది. ఒక వెల్డింగు అంగడి అతడు నాలుగు లక్షలు తీసికొని, మూడు లక్షలు బాకీ ఉండగా చెల్లించలేకపోయినాడనుకొందాము. అయిదు లక్షల లోపు సూక్ష్మ సంస్థలకు 85 శాతము హామీ లెక్కన ట్రస్టు బాధ్యత 2,55,000 రూపాయలు. అందులో 75 శాతము, అనగా 1,91,250 రూపాయలు, బ్యాంకుకు మొదట అందుతుంది. మిగిలినది వసూలు చర్యలు ముగిసిన పిదప. మరి అంగడి అతని బాకీ ఎంత తగ్గినది? ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. బ్యాంకు వసూలు చేయుచునే ఉండాలి. వసూలైన దానిలో ట్రస్టుకు వాటా చెల్లించాలి. హామీ రుసుము మాత్రము సాధారణముగా రుణగ్రహీత నెత్తినే పడుతుంది. "ప్రభుత్వము పూచీ ఉన్నది, కట్టకపోయినా పరవాలేదు" అని అతనితో చెప్పినవాడు అతనికి అపకారము చేసినవాడే. ఈ పూచీ బ్యాంకు భయానికి మందు. రుణగ్రహీత కష్టానికి కాదు.

ఇస్లామీయ న్యాయశాస్త్రములోని కఫాలాతో దీనిని పోల్చి చూడవలసియున్నది. కఫీల్ కట్టిన సొమ్మును, తనను పూచీ ఉండుమని కోరిన రుణగ్రహీతనుండి రాబట్టుకొను హక్కు ఫిఖ్‌హ్ కూడా అంగీకరించినదే. కావున బాకీ మిగిలియుండుట ఒక్కటే తప్పని అనుట న్యాయము కాదు. భేదము వేరొకచోట ఉన్నది. బాకీతో మరణించిన ఒక వ్యక్తి జనాజా ఎదుట హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పును తనపై వేసికొనగా, దైవప్రవక్త (స) నమాజు చేయించిన ఉదంతము హదీసు గ్రంథాలలో ప్రసిద్ధము. ఆ అప్పు తీర్చితివా అని ఆయన తరువాత అబూ ఖతాదాను విచారించినట్లు కూడా ఉన్నది. అక్కడ పూచీ ఉన్నవాడు బాకీదారుని పక్షాన నిలిచినాడు. ఆ భారము మోసినందుకు ఎవరినీ కూలి అడుగలేదు. అందుచేతనే అత్యధిక ఫిఖ్‌హ్ పండితులు కఫాలాను ఉపకారముగా పరిగణించి, పూచీకి ప్రతిఫలము పుచ్చుకొనుట కూడదన్నారు. 1985లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్‌హ్ అకాడమీ కూడా హామీకి ప్రతిఫలము తగదనీ, కార్యాలయ ఖర్చులు మాత్రము తీసికొనవచ్చుననీ తీర్మానించినది. మలేసియా పండితులు కొందరు రుసుమును అనుమతించినారు. ఈ అభిప్రాయభేదము ఎట్లున్నను, ఈ ట్రస్టు హామీ ఇచ్చు రుణము వడ్డీ రుణమన్నది వేరే చిక్కు. వడ్డీకి దూరముగా ఉండదలచిన చిన్న వర్తకునికి ఇందులో చోటు లేదు.

అయితే ప్రభుత్వ హామీలను రద్దు చేయుమనుట మా ఉద్దేశము కాదు. 2020లో కరోనా కాలమున 3 లక్షల కోట్ల అత్యవసర రుణాలకు నూటికి నూరుపాళ్లు హామీ ఇచ్చినందున నిలబడిన సంస్థలు లేకపోలేదు. మదనపల్లె నీరుగట్టువారిపల్లె పట్టు నేతగాండ్ర వంటివారి కొరకు వచ్చిన నేతన్న ముద్రా రుణాలలో హామీ రుసుమును మూడేండ్లు ప్రభుత్వమే భరించునట్లు ఏర్పాటు చేసినారు. ఇది సరియైన దారి. అది నేతవరకే ఆగిపోవుటకు కారణము కనబడదు.

ఇటలీలో చేతిపనివారు, చిన్న వర్తకులు తామే సంఘాలుగా కూడి, నిధి వేసికొని, ఒకరికొకరు బ్యాంకు వద్ద పూచీ ఉండు 'కోన్‌ఫీది' పద్ధతి ఉన్నది. స్పెయిన్‌లోను అటువంటి సంస్థలున్నవి. పూచీ ఉన్నవానికి పుచ్చుకొన్నవాని పనితనము, నడత తెలియుట ఇందులోని బలము. కాని మనకు ఒక హెచ్చరిక కూడా ఉన్నది. ఉమ్మడి పూచీ పేరిట సూక్ష్మరుణ సంస్థలు ఇచ్చిన అప్పులు ఇరుగుపొరుగువారినే వసూలుదారులుగా మార్చినవి. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చినది. నిధి లేని ఉమ్మడి పూచీ బీదవానిపై మరొక బీదవానిని ఉసిగొల్పుటయే.

కావున కలకడ వంటి ఊరికి కావలసినది రెండూ కలిసిన ఏర్పాటు: మనిషిని ఎరిగిన స్థానిక సంఘము, దాని వెనుక నష్టము భరించగల ప్రభుత్వ నిధి. మార్కెట్టు ధర పడిపోయిన ఏడు వాయిదా జరుపుటకు, నిజముగా చితికినవాని బాకీ తగ్గించుటకు ఆ నిధికి అధికారముండాలి. అప్పు ఇచ్చినవానికి పూచీ ఇచ్చినాము, మంచిదే. అప్పు తీసికొన్నవానికి ఎవరు పూచీ? ఈ ప్రశ్నకు జవాబు దొరకునంతవరకు మన హామీ పథకాలు సగమే పూచీ ఉన్నట్లు.