గిడుగు వారి సవర పనితనం

ఆగస్టు 29 వస్తే గిడుగు రామమూర్తి గారి పటానికి దండ వేస్తాం. వాడుక భాష కోసం పండితులతో పోట్లాడిన మనిషని నాలుగు మాటలు చెప్పుకుని ఇళ్లకు పోతాం. ఆ పోట్లాటకు ముందే ఆయన తలకెత్తుకున్న పని ఇంకొకటుంది. సభల్లో దాని వంతు ఒక్క వాక్యం: "సవరలకు కూడా సేవ చేశారు". ఆ 'కూడా' నాకు ఎప్పుడూ చివుక్కుమనిపిస్తుంది. ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాష ఉన్న పిల్లవాడికి చదువెలా చెప్పాలో తెలుగునాట ముందుగా పట్టుబట్టి చేసి చూపినవాళ్లలో ఆయన ఒకరు. సేవ అన్న మాటను కాసేపు పక్కనపెట్టి, ఆ పనిని పనిగా చూద్దాం.

శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన రామమూర్తి విజయనగరంలో చదువుకుని, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఊరి వెనకే కొండలు, కొండల మీద సవర పల్లెలు. ఆ పిల్లలకు చదువు అందాలంటే ముందు తెలుగో ఒడియానో రావాలి. అది వచ్చేసరికి బడి వయసు దాటిపోతుంది. అంతలోకే పిల్లవాడికి మొద్దు అని పేరు పెట్టేస్తారు. రామమూర్తి గారు లెక్కను తిరగేశారు. పిల్లవాడు పంతులు భాష నేర్చుకునేదాకా ఆగడం దేనికి, పంతులే పిల్లవాడి భాష నేర్చుకుంటే సరిపోతుంది కదా అనుకున్నారు. రెండు భాషలూ వచ్చిన ఒకరిని ఇంట్లోనే పెట్టుకుని సవర నేర్వడం మొదలుపెట్టారు. కొండలెక్కి పల్లెల్లో తిరిగారు.

నేర్చుకోవడం ఎంత కష్టమో భాషను కొంచెం దగ్గరగా చూస్తేగాని తెలియదు. సవర తెలుగుకు చుట్టం కాదు. అది ముండా భాష, సంతాలీ, ముండారీల వైపుది. తినడాన్ని సవరలో 'జొమ్' అంటారు. గేదె 'బొంగ్‌తెల్'. గేదె మాంసం తినడం గురించి చెప్పేటప్పుడు ఆ పేరులోని ముందు ముక్క మాత్రం తెగి క్రియకు అతుక్కుంటుంది: 'జొమ్‌బొంగ్'. పులి విడిగా నిలబడితే 'కినా', క్రియలోకి దూరితే 'కిద్'. మనం 'ను' తగిలించి పక్కన నిలబెట్టే కర్మను సవర క్రియ కడుపులో పెట్టుకుంటుంది. ఇంకా క్రియ చివర కాలం, చేసినవాడు ఎవడన్నది అన్నీ వరసగా వచ్చి చేరతాయి. మాటకు మాట అర్థం రాసుకుంటూ పోయే అలవాటున్న మనిషి ఇక్కడ మొదటి వారంలోనే చేతులెత్తేస్తాడు. ఎందుకంటే మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తేల్చుకోవడమే సగం పని. నామవాచకానికి విడిరూపం ఒకటి, అతుకురూపం ఒకటి అన్న సూత్రాన్ని పట్టుకుని, ఉదాహరణలతో సహా రాసిపెట్టారాయన. ఈనాటికీ ముండా భాషలను చదివేవాళ్లు ఈ విషయం దగ్గరికొచ్చేసరికి రామమూర్తి వ్యాకరణాన్ని తెరవాల్సిందే.

ఇక ధ్వనులు. గొంతును చటుక్కున మూసి గాలిని ఆపే ధ్వని ఒకటి సవరలో ఉంది. తెలుగు వర్ణమాలలో దానికి గది లేదు. మాట చివర బ, ద, గ లాంటివి పూర్తిగా విడుదల కాకుండా సగంలోనే ఆగిపోతాయి. తెలుగు చెవికి అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. ఏమీ లేదని వదిలేసి రాస్తే, పుస్తకం చదివిన సవర పిల్లవాడికి అది ఎవరో పరాయివాళ్లు వచ్చీరాని సవర మాట్లాడినట్టు వినిపిస్తుంది. రామమూర్తి గారు అలా వదిలేయలేదు. 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసిన ఆయన ఇంగ్లీషు వ్యాకరణం అట్ట మీద 'సోరా' అన్న పేరు చూడండి, అది సవరకే ఇంకో పేరు. రోమన్ అక్షరాల్లో ప్రతి అచ్చు పక్కన రెండేసి చుక్కలుంటాయి. అది దీర్ఘానికి గుర్తు. పుస్తకం పేరులోనే ధ్వని కొలత పెట్టిన మనిషి లోపల ఎంత జాగ్రత్తపడ్డాడో వేరే చెప్పక్కర్లేదు. అంత సూక్ష్మంగా విన్న ఆ చెవులే తర్వాత ఆయనకు దక్కలేదు. మన్యంలో తిరిగి తెచ్చుకున్న మలేరియాకు క్వినైన్ మింగి మింగి వినికిడి పోయిందంటారు.

పండితుల కోసం రాసిన పుస్తకంలో రోమన్ గుర్తులు వాడిన ఆయనే పిల్లల వాచకాలకు వచ్చేసరికి తెలుగు లిపి పట్టుకున్నారు. ఇందులో ఉన్న తెలివిని చాలామంది గమనించరు. పిల్లవాడు తన భాషలో చదవడం నేర్చుకుంటూనే రేపు తెలుగు చదవడానికి కావలసిన అక్షరాలను చేతికి తెచ్చుకుంటాడు. అక్షరం గుర్తుపట్టడం ఒక కష్టం, అర్థం తెలియడం ఇంకొక కష్టం. రెండూ ఒకేసారి మీద పడకుండా ఒకదాన్ని ముందే తీసేశారు. రెండో భాషకు మొదటి భాషే మెట్టు అని ఇవాళ విద్యావేత్తలు చెబుతున్నది ఇదే.

బళ్లు కూడా ఆయనే పెట్టారు, సొంత డబ్బుతో. సవర యువకులకే చదువు చెప్పి, వాళ్లను పంతుళ్లను చేసి, జీతాలు ఇచ్చారు. అన్నిటికంటే నాకు నచ్చేది ఈ భాగమే. పుస్తకం ఎంత బాగున్నా, తల్లి బడి గుమ్మం దాకా వచ్చి "మావాడు ఎలా చదువుతున్నాడు?" అని తన భాషలో అడిగితే, అదే భాషలో జవాబు చెప్పే మనిషి లోపల ఉండాలి. లేకపోతే ఆమె రెండోసారి రాదు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బు పెట్టి సవరలకు బడి నడపండని ఆయన చెప్పినట్టు ప్రసిద్ధి.

చిన్న పక్కదారి. సవరలో పన్నెండు దాకా అంకెలకు విడి పేర్లున్నాయి. పన్నెండు 'మిగ్గెల్'. ఆ తర్వాత పదమూడు అంటే పన్నెండూ ఒకటి, పంతొమ్మిది అంటే పన్నెండూ ఏడు. ఇరవై దగ్గర కొత్త గుంపు. ముప్పై మూడు కావాలంటే ఒక ఇరవై, పన్నెండు, ఒకటి. ఈ లెక్క తలలో ఉన్న పిల్లవాడి ముందు పంతులు 13 వేసి "పది, మూడు" అంటాడు. పిల్లవాడు తెల్లమొహం వేస్తాడు. వాడికి లెక్క రాక కాదు, పంతులుకు వాడి లెక్క రాక. ఈ సంగతి తెలిసిన పంతులైతే స్థానవిలువ చెప్పే ముందు పదుల కట్టలు కట్టించి చేతితో లెక్కపెట్టిస్తాడు. తెలియనివాడు బెత్తం తీస్తాడు.

ఈ సవర పనే వాడుక భాషా ఉద్యమానికి కార్ఖానా అయిందని నా అభిప్రాయం. 1906 ప్రాంతంలో పాఠశాలల పరీక్షాధికారి యేట్స్, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత దూరమేమిటని అడిగినప్పుడు గురజాడ, రామమూర్తి ముందుకొచ్చారు. సవర పిల్లవాడికి ఇంటిభాష కావాలన్న మనిషి తెలుగు పిల్లవాడికి గ్రాంథికం చాలునని ఎలా అనగలరు?

లోటు లేదని కాదు. ఆయన బళ్లు ఆయన జేబు మీదా ఓపిక మీదా నడిచాయి. పై అధికారుల లెక్కల్లోకి ఎక్కని పని మనిషితోపాటే అలిసిపోతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003-04 ప్రాంతంలో సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా అనే ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య మొదలయ్యేదాకా ఈ ఆలోచన ప్రభుత్వ బడిలో పెద్దయెత్తున రాలేదు. ఆ వాచకాలూ తెలుగు లిపిలోనే వచ్చాయి.

లిపి విషయంలో సవరల మాట వేరుగా ఉంది, అదీ వినాలి. 1936లో మంగెయి గొమాంగో తమ భాషకు సొంతంగా 'సొరాంగ్ సొంపెంగ్' అనే లిపి తయారుచేశారు. దానికి పూజ కూడా చేస్తారు. అక్షరాలు అరువు తెచ్చుకోవడం వాళ్లలో కొందరికి ఇష్టం లేదన్నమాట. బడి లెక్కలో తెలుగు లిపి సుళువే. ఇంటి లెక్కలో అదొక్కటే చూడరు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోయింది. అది ఒప్పుకోలేక రామమూర్తి గారు రాజమండ్రి వచ్చేశారు. 1940లో కన్నుమూశారు.

ఇవాళ సీతంపేట వైపు సవర పిల్లవాడు తెలుగు అక్షరాల్లో, ఒడిశా గజపతి జిల్లాలో వాడి మేనమామ కొడుకు ఒడియా అక్షరాల్లో తమ భాష చదవాల్సి వస్తోంది. ఒకరి పుస్తకం ఇంకొకరికి పనికిరాదు. 1938లో అచ్చయిన రామమూర్తి గారి సవర-ఇంగ్లీషు నిఘంటువు మాత్రం ఈ రెండు లిపుల్లో దేనికీ చెందదు. అందులో ఉన్నవి ధ్వనులు. ఏ లిపిలో పాఠం రాసే పంతులైనా మాట పలుకు సరిచూసుకోవడానికి దాన్ని తెరవొచ్చు.