ఏ నీటిలో పడింది?

ఈ వారం ఈ కాలమ్‌కు చిరాకు తెప్పించింది ఒక ఫొటో. ఐర్లండ్ సరస్సులో గాలానికి పడిన ట్రౌట్ చేప, కింద దాని బరువు. ఏ ఒడ్డున పడింది, ఎంత లోతున, దేనికి ఎగబడింది అన్న ఊసే లేదు. బరువు పక్కన పెట్టి నీటి సంగతి చెప్పండన్న పాత పోరు పాఠకులకు తెలిసిందే. గాలం వేసేవాళ్ల కబుర్లను సగానికి కోసి నమ్మాలన్నదీ ఇక్కడ పలుమార్లు రాసిన మాటే.

మెల్విన్ సరస్సు దగ్గర ఆ రెండో మాట నిలవదు.

లైట్రిమ్, ఫెర్మనా కౌంటీల మధ్య, రెండు ఐర్లండ్‌ల సరిహద్దు మీద ఉందా సరస్సు. గాలం పట్టిన స్థానికులు అక్కడి ట్రౌట్‌లను ఏనాటి నుంచో మూడుగా చూశారు. బంగారు ఒంటిమీద పెద్ద ఎర్రమచ్చలున్నది గిల్లరూ. ఒడ్డు వెంట రాళ్లలో నత్తలు ఏరుకు తింటుంది, అందుకే దాని పొట్టగోడ మందం. నల్లటి రెక్కల సోనాహన్ నడి సరస్సులో నీటిలో తేలే చిన్న జీవుల్ని తింటుంది. దానికోసం పడవను గాలివాటుకు అడ్డంగా వదిలి, ముందువైపు ఫ్లైలు (పురుగుల్లా కనిపించే కృత్రిమ ఎరలు) విసురుతారు. ఫెరాక్స్ లోతుల్లో చేపల్ని వేటాడుతుంది, దాన్ని పట్టాలంటే చేపలాంటి ఎరను పడవ వెనక లోతుగా లాగాలి.

1866లో ఆల్బర్ట్ గుంటర్ గిల్లరూను, సోనాహన్‌ను వేర్వేరు జాతులుగా వర్ణించాడు. తర్వాతి శాస్త్రజ్ఞులు అన్నిటినీ కలిపి బ్రౌన్ ట్రౌట్ అనేశారు. 1980ల తొలినాళ్లలో బెల్‌ఫాస్ట్ క్వీన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ ఫెర్గూసన్ బృందం జన్యువుల తేడాలు వెతికింది. మూడూ నిజంగానే వేరని తేలింది. ఒకే నీటిలో బతుకుతున్నా గుడ్లు పెట్టేచోట అవి కలవవు: గిల్లరూ సరస్సు నుంచి బయటికి పారే డ్రౌజ్ నదిలో, సోనాహన్ లోపలికి వచ్చే చిన్న వాగుల్లో, ఫెరాక్స్ గ్లెనానిఫ్ నది దిగువ భాగంలో.

గాలం పట్టినవాడి కన్ను రంగునూ, చోటునూ కలిపి చూసింది. పుస్తకం ఒకే పేరు పెట్టి వదిలేసింది. ఈ విషయంలో ఈ కాలమ్ గాలం పక్షమే.

ఇది పేర్ల పట్టింపు కాదు. గ్లెనానిఫ్ దిగువన బురద మేట వేసి గుడ్లు పాడైతే పోయేది ఫెరాక్స్ ఒక్కటే. ట్రౌట్‌లన్నిటినీ ఒకే గంపలో లెక్కపెట్టేవారికి ఆ నష్టం కనపడదు, మిగతా రెండూ ఆ లోటును పూడ్చినట్టే ఉంటాయి.