చారిత్రక నవలయందు ప్రణయము

చారిత్రక నవల చేతికి రాగానే మనవారు మొదట వెదకునది పూర్వవైభవము. అది సహజమే. తరతరములుగా తమిళదేశమున స్థిరపడిన మన కుటుంబములకు మధుర నాయకరాజుల పేరు వినినంతనే మనస్సు పొంగును. కాని ఆ మధురనే రంగముగా గైకొనిన విశ్వనాథ సత్యనారాయణగారి ‘ఏకవీర’ మనకు ఆ తృప్తిని సులభముగా నొసగదు.

1929-31 సంవత్సరములలో ‘భారతి’ పత్రికయందు వెలువడిన ఈ నవలలో యుద్ధవిజయములు ప్రధానములు కావు. కుట్టాను వలచినది మీనాక్షిని, పెండ్లాడినది ఏకవీరను. ఏకవీరను వలచిన వీరభూపతికి భార్యయైనది మీనాక్షి. మిత్రులిద్దరును మొదట ఈ చిక్కు నెరుగరు. ఇందు దుష్టుడు లేడు. పెద్దల మాట, వివాహధర్మము, వలపు—మూడును గౌరవింపదగినవే. కనుకనే ఆ దుఃఖము తీరదు.

అడవి బాపిరాజుగారి ‘గోన గన్నారెడ్డి’లో ప్రణయము వీరమునకు వన్నె తెచ్చును; చదివి ఉప్పొంగుదుము. ‘ఏకవీర’లో ప్రణయము ఆ కాలపు కట్టుబాటునే నిలదీయును, చదివి మౌనము వహింతుము. రాజవేషములు తొలగించినను మారని ప్రేమకథ చారిత్రక నవల కానేరదు. కాలమే కష్టమునకు కారణమైనపుడు గదా చరిత్ర కథలో నిలుచుట!

దీని శైలి, తెలుగును ఇంటనే నేర్చిన మన పిల్లలకు కఠినమే. పెద్దలు ప్రక్కన కూర్చుండి చదివి వినిపింపవలెను. పూర్వుల కోటలను ఎవరైనను చూపగలరు. వారి గుండెకోతను తెలుపునది ఇట్టి పుస్తకమే.